ప్రజా ప్రసార సంస్థలలో అభ్యంతరకర ప్రాయోజకత్వం

ప్రజల సొమ్ముతో, ప్రజల తరఫున నడిచే రేడియో, టెలివిజన్ సంస్థలు తమ ఆశయాలకు విరుద్ధమైన వ్యాపారం చేసే కంపెనీల నుండి సొమ్ము స్వీకరించడాన్ని, లేదా అటువంటి కంపెనీల సొమ్ముతో జరిగే కార్యక్రమాలను ప్రసారం చేయడాన్ని అభ్యంతరకర ప్రాయోజకత్వం అంటారు. పొగాకు, మద్యం, జూదం, మహిమలు చూపిస్తామనే మందులు ఈ కోవలో ఎక్కువగా వినిపించేవి. కొన్ని దేశాలలో చమురు కంపెనీలు, ఆయుధాల తయారీదారులు కూడా ఈ చర్చలోకి వచ్చారు. భారతదేశంలో ఆకాశవాణి, దూరదర్శన్‌ల విషయంలో ఈ సమస్య అన్నిటికంటే స్పష్టంగా కనిపించినది సిగరెట్ కంపెనీలు, క్రికెట్ ఆట కలిసిన చోట. ఆ కథలో హైదరాబాదు నగరానికి ప్రత్యేక స్థానం ఉంది. క్రికెట్ కప్పులకు తన పేరు పెట్టుకున్న సిగరెట్లలో ఒకటి ఈ నగరంలోనే తయారైంది.

దాత, ప్రాయోజకుడు

దాతకు, ప్రాయోజకునికి మధ్య తేడా గుర్తిస్తే గానీ ఈ విషయం అర్థం కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులోని రెసిడెన్సీ బజారులో, అంటే నేటి సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించబడింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటివారి సహాయంతో అది నిలబడింది. అక్కడ కూర్చుని పుస్తకం చదివే పాఠకుడు పేజీ పేజీకీ దాత పేరు వినవలసిన అవసరం లేదు. దాత ఇచ్చినది గ్రంథాలయానికి చేరింది, అంతటితో ఆయన పాత్ర ముగిసింది.

ప్రాయోజకుని సంగతి వేరు. అతడు ఇచ్చే సొమ్ము ప్రసార సంస్థకు చేరినా, అతడు కొనేది మాత్రం శ్రోత లేదా ప్రేక్షకుని సమయాన్ని. కార్యక్రమానికి ముందు, మధ్యలో, చివర తన పేరు వినిపించాలనేది ఒప్పందం. కార్యక్రమంపై ప్రేక్షకునికి ఉన్న ఇష్టంలో కొంత ఆ పేరుకు అంటుకుంటుంది. అందుకే ప్రాయోజకుడు ఎవరు అనే ప్రశ్న లెక్కల పుస్తకానికి మాత్రమే సంబంధించినది కాదు. ప్రజా ప్రసార సంస్థ విషయంలో ఇది మరింత బరువైనది, ఎందుకంటే దాని మాటకు ప్రభుత్వ ముద్ర ఉన్నదని సామాన్య ప్రేక్షకుడు భావిస్తాడు.

ఆకాశవాణి, దూరదర్శన్‌లలో వాణిజ్య ప్రసారాలు

హైదరాబాదులో రేడియో 1930లలో నిజాం పాలనలోనే ప్రారంభమైంది. దక్కన్ రేడియో పేరుతో నడిచిన ఆ కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆకాశవాణి అప్పట్లో ప్రకటనలు స్వీకరించేది కాదు. రేడియో సెట్టు ఉన్నవారు తపాలా కార్యాలయంలో ఏటా లైసెన్సు రుసుము చెల్లించేవారు. ప్రకటనలు వినాలన్నా, వినిపించాలన్నా రేడియో సిలోనే దిక్కు. సినిమా పాటల కోసం శ్రోతలు, వారిని వెతుక్కుంటూ వ్యాపారులు అటువైపు వెళ్ళారు.

ఈ పోటీకి సమాధానంగా 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమైంది. పదేళ్ళ తరువాత, 1967 నవంబరు 1న, బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాలలో వివిధ భారతి ప్రకటనలు స్వీకరించసాగింది. ప్రాయోజిత కార్యక్రమాలు 1970లో వచ్చాయి. దూరదర్శన్‌లో ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న రామంతాపూరులో ప్రారంభించబడింది. 1984లో వచ్చిన హమ్‌లోగ్ హిందీ ధారావాహిక మ్యాగీ నూడుల్స్ ప్రాయోజకత్వంలో నడిచి, ఒక ప్రాయోజకుడు టెలివిజన్ ద్వారా కొత్త వస్తువును దేశమంతటికీ ఎలా పరిచయం చేయగలడో చూపించింది.

ఆ మరుసటి ఏడాది, 1985లో, లైసెన్సు రుసుము రద్దయింది. ప్రజలు దీనిని స్వాగతించారు. అయితే శ్రోతకు, ప్రసార సంస్థకు మధ్య ఉన్న ఏకైక నేరు ఆర్థిక సంబంధం దీనితో తెగిపోయింది. అప్పటి నుండి మిగిలిన ఆదాయ మార్గాలు రెండే: ఒకటి ప్రభుత్వ నిధులు, రెండవది ప్రకటనదారులు. ప్రసార భారతి చట్టం 1990లో ఆమోదం పొందినా 1997లో గానీ అమలులోకి రాలేదు. ప్రజలకు సమాచారాన్ని, విద్యను, వినోదాన్ని అందించే ప్రజా ప్రసార సేవను నిర్వహించడం సంస్థ ప్రథమ కర్తవ్యమని ఆ చట్టంలోని 12వ సెక్షను చెబుతుంది.

ప్రకటనల నియమావళి

ఆకాశవాణికి, దూరదర్శన్‌కు వాణిజ్య ప్రకటనల నియమావళి ఉంది. దాని ప్రకారం సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులు, మద్యం, మత్తు పదార్థాల ప్రకటనలు స్వీకరించరాదు. జ్యోతిష్కులు, సోదె చెప్పేవారు, వశీకరణ విద్య తెలుసునని చెప్పుకొనేవారు, గుర్రపు పందేల చిట్కాలు అమ్మేవారు, లైసెన్సు లేని ఉద్యోగ సంస్థలు కూడా ఈ నిషేధం కిందికి వస్తారు.

ఈ నియమావళి గొప్పతనాన్ని తక్కువ చేయనవసరం లేదు. పత్రికలు, సినిమాహాళ్ళు, గోడలు, బస్సులు సిగరెట్ ప్రకటనలతో నిండి ఉన్న రోజులలో దూరదర్శన్ ఆ ఆదాయాన్ని వదులుకుంది. 1975 నాటి సిగరెట్ల చట్టం ప్రకటనలను నిషేధించలేదు, వాటిపై ఆరోగ్య హెచ్చరిక ఉండాలని మాత్రమే చెప్పింది. దూరదర్శన్ నియమం దానికంటే కఠినమైనది. కానీ ఈ నియమం ప్రకటన అనే ఒక్క తలుపుకే తాళం వేసింది. దూరదర్శన్ తానుగా అమ్మే సమయంలో సిగరెట్ పేరు రాకూడదు. ప్రసారం చేసే సంఘటన పేరులోనే సిగరెట్ పేరు ఉంటే ఏమిటన్న ప్రశ్నకు అందులో స్పష్టమైన జవాబు లేదు.

సుల్తాన్ బజారు నుండి ఆజమాబాదు వరకు

సుల్తాన్ బజారు నుండి నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వరకు సాగే దారి హైదరాబాదులో పుస్తకాలకు, కళాశాలలకు, సినిమాహాళ్ళకు ప్రసిద్ధి. 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు కూడా ఈ మార్గంలోనే వెళుతుంది. ఈ దారి చివర, అశోక్ నగర్‌కు, బాగ్‌లింగంపల్లికి సమీపంలో ఆజమాబాదు పారిశ్రామిక వాడ ఉంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, అంటే వీఎస్టీ, సిగరెట్ల కర్మాగారం అక్కడ వెలిసింది. 1930లో కంపెనీగా నమోదైన ఈ సంస్థలో బ్రిటిష్ అమెరికన్ టొబాకో ప్రధాన వాటాదారు. కర్మాగారం పేరు చివరకు ఆ ప్రాంతానికే పేరైంది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుండి వీఎస్టీ వరకు ప్రారంభమైన ఉక్కు వంతెనకు, వీఎస్టీ కార్మిక సంఘ నాయకునిగా పేరు పొంది తెలంగాణ తొలి హోంమంత్రి అయిన నాయని నర్సింహారెడ్డి పేరు పెట్టారు.

ఈ కంపెనీకి పేరు తెచ్చిన సిగరెట్ చార్మినార్. నగర చిహ్నమే సిగరెట్ పెట్టెపైకి ఎక్కింది. దేశంలో హైదరాబాదును ఎన్నడూ చూడనివారు కూడా చార్మినార్ బొమ్మను ముందుగా ఆ పెట్టె మీద చూసి ఉంటారు. 1980లలో ఇదే కంపెనీ యువకుల కోసం చార్మ్స్ అనే మరో సిగరెట్‌ను ప్రచారంలోకి తెచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హైదరాబాదువారికి, కోస్తా జిల్లాలవారికి పొగాకు దూరపు దెయ్యం కాదు. ఆజమాబాదులో కార్మికుల జీతాలు, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో వర్జీనియా పొగాకు రైతుల పంట దానిపై ఆధారపడ్డాయి. కేంద్ర ప్రభుత్వమే 1976లో పొగాకు బోర్డును ఏర్పాటు చేసింది, దాని కార్యాలయం గుంటూరులో ఉంది. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947 నుండి పనిచేసింది. దేశంలోని అతి పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో జీవిత బీమా సంస్థ పెద్ద వాటాదారు. ప్రభుత్వం ఒక చేత్తో పెంచి, ఒక చేత్తో పన్ను వసూలు చేసి, మరో చేత్తో హెచ్చరిక ముద్రించే వస్తువు ఇది. ఈ నేపథ్యంలో ప్రసార సంస్థ ఒక్కటే నిష్ఠగా ఉండాలని కోరడం కొందరికి విడ్డూరంగా తోచింది.

క్రికెట్ దారి

1983లో భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచిన తరువాత క్రికెట్ దూరదర్శన్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసే కార్యక్రమాలలో ఒకటైంది. అదే దశకంలో చార్మినార్ ఛాలెంజ్, చార్మ్స్ కప్ అనే పేర్లతో విదేశీ జట్లు భారతదేశంలో ఒక్కరోజు మ్యాచ్‌ల సిరీస్‌లు ఆడాయి. ఆ పేర్లు 1990ల ఆరంభం వరకు కొనసాగాయి. అప్పటికి దేశంలో టెలివిజన్ అంటే దూరదర్శన్, రేడియో అంటే ఆకాశవాణి. సిరీస్ పేరు పలకకుండా వ్యాఖ్యానం చెప్పడం సాధ్యం కాదు. ఏ సిగరెట్ ప్రకటనను దూరదర్శన్ డబ్బు ఇచ్చినా వేయదో, ఆ సిగరెట్ పేరును రోజంతా ఉచితంగా పలికింది. పెట్టెపై హెచ్చరిక తప్పనిసరి. కప్పు పేరు పలికిన ప్రతిసారీ హెచ్చరిక పలికే వ్యాఖ్యాత మాత్రం లేడు.

డబ్బు ఎటు వెళ్ళిందన్నది గమనించదగినది. సిగరెట్ కంపెనీ సొమ్ము క్రికెట్ బోర్డుకు చేరింది, దూరదర్శన్‌కు కాదు. దూరదర్శన్ ఆ మ్యాచ్‌ల మధ్య సబ్బులు, టైర్లు, శీతల పానీయాల ప్రకటనలు అమ్ముకుంది. కాగితం మీద చూస్తే నియమావళిలోని ఒక్క అక్షరం కూడా తప్పలేదు. అయినా ఆ ప్రకటనల ఆదాయం సిగరెట్ సొమ్ముతో నిలబడిన ఆట వలన వచ్చినదే. ప్రజా ప్రసార సంస్థ ఒప్పందం మీద సంతకం చేయకుండానే అభ్యంతరకర ప్రాయోజకునికి ఎలా ఉపయోగపడగలదో దీనికంటే మంచి ఉదాహరణ భారతదేశంలో లేదు.

1993లో హీరో కప్పు సందర్భంగా బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ సంస్థకు ప్రసార హక్కులు అమ్మడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. మ్యాచ్‌కు 5 లక్షల రూపాయలు చొప్పున సంఘమే తనకు చెల్లించాలని అప్పట్లో దూరదర్శన్ కోరింది. 1995 ఫిబ్రవరి 9న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండదని ప్రకటించింది. ఈ తీర్పు తరువాత ఆటల హక్కుల ధర పెరిగింది, ప్రాయోజకుల బలం కూడా పెరిగింది.

మరుసటి ఏడాది, 1996లో, భారతదేశం, పాకిస్తాన్, శ్రీలంకలలో జరిగిన ప్రపంచ కప్పు పేరు విల్స్ ప్రపంచ కప్పు. విల్స్ ఐటీసీ వారి సిగరెట్. సుల్తాన్ బజారుకు ఎంతో దూరంలో లేని లాల్ బహదూర్ స్టేడియంలో ఫిబ్రవరి 16న వెస్టిండీస్, జింబాబ్వే జట్ల మధ్య మ్యాచ్ జరిగింది. భారత ఆటగాళ్ళ చొక్కాలపై విల్స్ పేరు 2001 వరకు కనిపించింది. కప్పు పేరయితే వ్యాఖ్యాత పలికినప్పుడే వినిపిస్తుంది, చొక్కా మీది పేరు ఆట జరిగినంతసేపు తెర మీద ఉంటుంది.

దీని ప్రభావం ఊహ మాత్రమే కాదు. 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గోవా పాఠశాల విద్యార్థులపై జరిపిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. సిగరెట్ కంపెనీ ప్రాయోజకత్వంలో జరిగిన క్రికెట్ సిరీస్‌ను టెలివిజన్‌లో చూసిన పిల్లలలో పొగాకును రుచి చూసే ధోరణి ఎక్కువగా ఉన్నదని, పొగ తాగడానికి ఆటలో నైపుణ్యానికి సంబంధం ఉన్నదనే తప్పుడు భావన కొందరిలో ఏర్పడినదని ఆ అధ్యయనం పేర్కొన్నది.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో బీబీసీ ప్రకటనలే తీసుకోదు, అది లైసెన్సు రుసుముతో నడిచే సంస్థ. అక్కడ టెలివిజన్‌లో సిగరెట్ ప్రకటనలు 1965 ఆగస్టు 1 నుండి నిషిద్ధం. అయినా 1969లో జాన్ ప్లేయర్ లీగు, 1972లో బెన్సన్ అండ్ హెడ్జెస్ కప్పు అనే పేర్లతో క్రికెట్ పోటీలు మొదలయ్యాయి. ఎంబసీ సిగరెట్ పేరుతో ప్రపంచ స్నూకర్ పోటీ 1976 నుండి 2005 వరకు నడిచింది. బీబీసీ వాటిని ప్రసారం చేసింది. ప్రకటనల ద్వారం మూసుకుపోయిన తరువాతే సిగరెట్ కంపెనీలు ఆటల వైపు పెద్ద ఎత్తున మళ్ళాయి. కాబట్టి ఆదాయం కోసం ఆశపడటం వల్లనే ఈ సమస్య వస్తుందనే వాదన సరిపోదు. పైసా ఆశించని సంస్థ తెర మీద కూడా ఆ పేర్లు వచ్చాయి.

అమెరికాలో పీబీఎస్ సంస్థ 2025 వరకు వీక్షకుల విరాళాలు, ప్రభుత్వ నిధులు, కంపెనీల సహాయం కలిపి నడిచింది. 1971లో ప్రారంభమైన మాస్టర్‌పీస్ థియేటర్ కార్యక్రమానికి మోబిల్ చమురు కంపెనీ సహాయం చేసింది. చమురు కంపెనీల సహాయం పెరగడంతో పీబీఎస్ అంటే పెట్రోలియం బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ అని హాస్యమాడేవారు. 2012లో ధనికుల రాజకీయ ప్రాబల్యంపై పీబీఎస్‌లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ, చమురు వ్యాపారి డేవిడ్ కోక్‌ను విమర్శించింది. ఆయన అప్పట్లో న్యూయార్కులోని పీబీఎస్ కేంద్రానికి పెద్ద దాత, పాలకమండలి సభ్యుడు కూడా. ఆ కేంద్రం ఆయనకు ముందుగానే సమాచారమిచ్చి, సమాధానం చెప్పే అవకాశం కల్పించింది. 2013లో ఆయన పాలకమండలి నుండి తప్పుకున్నారు. అదే ఏడాది కోక్ సోదరులపై తీస్తున్న మరో చిత్రానికి ప్రజా టెలివిజన్ నిధులు అందకుండా పోయాయి. దాత కూడా కొన్నిసార్లు ప్రాయోజకుని కంటే ఎక్కువ అడగగలడని, అడగకపోయినా పొందగలడని ఈ ఉదంతం తెలుపుతుంది.

2003 చట్టం, ఆ తరువాత

2001లో కేంద్ర ప్రభుత్వం పొగాకు ప్రకటనల నిషేధానికి బిల్లు తేనున్నట్లు ప్రకటించడంతో ఐటీసీ క్రీడల ప్రాయోజకత్వం నుండి తప్పుకుంది. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. ప్రకటనలపై నిషేధం 2004 మే 1 నుండి అమలైంది. ఈ చట్టంలోని 5వ సెక్షను ప్రకటనతో ఆగలేదు. ప్రాయోజకత్వం, బహుమతి, పారితోషికం, విద్యార్థి వేతనం వంటి వాటికి ప్రతిఫలంగా పొగాకు ఉత్పత్తి పేరును, వ్యాపార చిహ్నాన్ని ప్రచారం చేయడం కూడా నేరమని చెప్పింది. ప్రసార నియమావళి తెరిచి ఉంచిన తలుపు ఇరవై ఏళ్ళ తరువాత ఇలా మూసుకుంది.

మద్యం విషయంలో దారి వేరుగా నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. అదే కాలంలో ఉపగ్రహ ఛానళ్ళలో సోడా, మంచినీరు, సంగీతం క్యాసెట్ల పేరుతో మద్యం పేర్లు వినిపించసాగాయి. వీటిని సరోగేట్ ప్రకటనలు, అంటే ముసుగు ప్రకటనలు అంటారు. కేబుల్ టెలివిజన్ నియమాలను 2000లో బిగించారు, 2009లో కొన్ని షరతులతో మినహాయింపులు చేర్చారు. వస్తువు పేరు మారినా గుర్తింపు అదే కావడంతో నియమం ఎప్పుడూ ఒక అడుగు వెనుకనే ఉండిపోయింది.

భిన్న వాదనలు

ప్రసార సంస్థల తరఫున వినిపించే వాదన ఇది: ఆటను ప్రసారం చేయకపోతే నష్టపోయేది ప్రేక్షకుడే, ముఖ్యంగా కేబుల్ కనెక్షను కొనలేని పేద ప్రేక్షకుడు. మైదానంలో ఏ పేరు ఉండాలో నిర్ణయించేది క్రీడా సంఘం గానీ ప్రసార సంస్థ కాదు. ఇందులో నిజం ఉంది. విమర్శకుల జవాబు ఏమంటే, గుత్తాధిపత్యం ఉన్న రోజులలో దూరదర్శన్ షరతు పెట్టగలిగేది. కెమెరా తన చేతిలో, ప్రసారం తన చేతిలో ఉన్నప్పుడు కూడా సిగరెట్ పేరు లేని కప్పునే ప్రసారం చేస్తామనే మాట అనలేదు. ఆ శక్తి 1995 తరువాత చేజారింది.

అసలు అభ్యంతరకర ప్రాయోజకుడు ప్రభుత్వమేననే మూడవ వాదన కూడా ఉంది. 1980లలో తెలుగు నేలపై దూరదర్శన్ మీద వచ్చిన ఫిర్యాదులలో సిగరెట్ల కంటే వార్తలలో కేంద్ర ప్రభుత్వ పక్షపాతం గురించినవే ఎక్కువ. నిధులు ఇచ్చేవారి వైపు మొగ్గడం అనే సూత్రం రెండింటికీ ఒక్కటే కాబట్టి ఈ వాదనను కొట్టిపారేయలేము. అయితే ప్రభుత్వాన్ని ఎన్నికలలో మార్చవచ్చు, ప్రాయోజకుని మార్చే ఓటు ప్రేక్షకునికి లేదు.

ఇటీవలి పరిణామాలు

2007లో వచ్చిన క్రీడా ప్రసారాల చట్టం ప్రకారం, దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల హక్కులు కొన్న ప్రైవేటు సంస్థలు ఆ ప్రసారాన్ని తమ ప్రకటనలు లేకుండా ప్రసార భారతితో పంచుకోవాలి. టెలివిజన్ ప్రకటనల ఆదాయంలో హక్కుదారుకు 75 శాతం, ప్రసార భారతికి 25 శాతం చెందుతుంది. ప్రకటనలను తొలగించవచ్చు గానీ మైదానంలోని బోర్డులను, చొక్కాల మీది పేర్లను తొలగించలేరు.

ఆన్‌లైన్ పందేలతో పాత ప్రశ్న కొత్త రూపంలో వచ్చింది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2023లో భారత క్రికెట్ జట్టు ప్రధాన ప్రాయోజకునిగా డ్రీమ్11 వచ్చింది. డబ్బు చెల్లించి ఆడే ఆ సంస్థ పోటీలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నివాసితులు పాల్గొనడానికి దాని నిబంధనలే అనుమతించేవి కావు. కానీ దూరదర్శన్ ఉచిత డిష్‌లో ద్వైపాక్షిక మ్యాచ్ చూసే చిక్కడపల్లి ప్రేక్షకునికి ఆటగాళ్ళ ఛాతీ మీద ఆ పేరు కనిపించేది. తన రాష్ట్రంలో ఆడకూడని ఆట పేరు ప్రజా ప్రసార సంస్థ తెర మీదే ఉన్నది.

2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఐపీఎల్ నిర్వాహకులకు లేఖ రాసి, పొగాకు, మద్యం ప్రకటనలను, వాటి ముసుగు ప్రకటనలను మైదానాలలోను, ప్రసారాలలోను నిలిపివేయాలని కోరారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను దేశవ్యాప్తంగా నిషేధిస్తూ చట్టం చేసింది. దానితో డ్రీమ్11 ఒప్పందం రద్దయింది. సెప్టెంబరులో జరిగిన ఆసియా కప్పులో భారత జట్టు చొక్కాలపై ఏ ప్రాయోజకుని పేరూ లేకుండా ఆడింది. ఆ తరువాత ఒక టైర్ల కంపెనీ ఆ స్థానంలోకి వచ్చింది.